వైఫై మధ్యలో బంద్ చేస్తే వేల రూపాయల బిల్లు: కట్టాల్సిందేనా?

జమ్మికుంట: ఇంటికి వైఫై పెట్టించుకోవడం ఇప్పుడు పెద్ద పనేం కాదు. ఒక్క ఫోన్ చేస్తే చాలు, సాయంత్రానికల్లా మనిషి వచ్చి వైరు లాగి, గోడకు బాక్సు బిగించి, పాస్‌వర్డ్ చెప్పి పోతాడు. "ఇన్‌స్టాలేషన్ ఫ్రీ, రూటర్ ఫ్రీ" అంటాడు. చిక్కంతా దాన్ని బంద్ చేయాలనుకున్న రోజు మొదలవుతుంది. "ఏడాది కాకముందే తీసేస్తున్నరు గదా, చార్జీలు కట్టాలె" అన్న మాట చాలా ఇళ్లలో ఆ రోజే మొదటిసారి వినబడుతుంది.

ఒక కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుంటే విషయం సులువుగా అర్థమవుతుంది. జమ్మికుంటలో కిరాయి ఇల్లు. పెద్ద కొడుకు సౌదీకి పోయే ముందు తన పేరు మీద, తన ఫోన్ నంబర్ మీద వైఫై పెట్టించాడు. అమ్మీతో రోజూ వీడియో కాల్ మాట్లాడాలి, తమ్ముడికి ఇంటర్ ఆన్‌లైన్ క్లాసులు ఉన్నాయి. ఎనిమిది నెలలు ఒక్క బిల్లు కూడా తప్పకుండా కట్టారు. తర్వాత ఇంటి ఓనర్ ఖాళీ చేయమన్నాడు. కొత్తగా దిగిన ఇంటి దగ్గర ఆ కంపెనీ లైన్ లేదు. కనెక్షన్ తీసేయమంటే 6,400 రూపాయలు కట్టాలని మెసేజ్ వచ్చింది. నెల తర్వాత వాట్సాప్‌లో "లీగల్ నోటీస్" అంటూ ఒక పీడీఎఫ్ కూడా వచ్చింది.

ఇలాంటప్పుడు సాధారణంగా రెండే పనులు జరుగుతాయి. పోలీసులు, కోర్టు అన్న భయంతో అడిగినంత కట్టేస్తారు. లేదంటే "ఏం చేస్తరో చూద్దాం" అని ఆ నంబర్‌ను బ్లాక్ చేసి ఊరుకుంటారు. రెండూ నష్టమే. మొదటి దాంట్లో కట్టనక్కర్లేని డబ్బు పోతుంది. రెండో దాంట్లో కంపెనీ రాసుకున్న బాకీ అలాగే నిలిచిపోతుంది, కస్టమర్ తరఫున ఒక్క కాగితం కూడా ఉండదు. మూడో దారి ఒకటి ఉంది. బిల్లులోని ప్రతి అంకెకూ ఆధారం చూపించమని రాతపూర్వకంగా అడగడం. ఈ గొడవల్లో గెలుపోటములు చాలా వరకు అక్కడే తేలుతాయి.

బిల్లులో అసలు ఏముంటుంది?

ముందు చేయాల్సిన పని మొత్తం చూసి కంగారు పడకుండా దాన్ని ముక్కలుగా విడగొట్టడం. మధ్యలో బంద్ చేసినప్పుడు వేసే బిల్లులో మామూలుగా నాలుగు రకాల లెక్కలు ఉంటాయి.

ఒకటి, లాక్-ఇన్ గడువులో మిగిలిన నెలల అద్దె. ఆరు నెలలో, ఏడాదో కనెక్షన్ ఉంచాలన్న షరతునే లాక్-ఇన్ అంటారు. రెండు, మొదట్లో "ఫ్రీ" అని చెప్పిన ఇన్‌స్టాలేషన్ చార్జీ. మూడు, రూటర్ లేదా ఫైబర్ బాక్సు ధర. నాలుగు, కస్టమర్ ముందే కట్టిన డిపాజిట్ లేదా అడ్వాన్సు. ఇది కస్టమర్‌కు తిరిగి రావాల్సిన డబ్బు. కానీ బిల్లులో ఎక్కువగా కనబడకుండా పోయేది ఇదే.

పైన చెప్పిన కుటుంబం విషయంలో నెల అద్దె 600 రూపాయలు. పన్నెండు నెలల్లో నాలుగు మిగిలాయి కాబట్టి 2,400. ఇన్‌స్టాలేషన్ 1,500. రూటర్ 2,500. అన్నీ కలిపితే 6,400. మొదటి రోజు కట్టిన 1,000 రూపాయల డిపాజిట్ మాట ఎక్కడా లేదు. లెక్క తేలికగా ఉండేందుకు జీఎస్టీని ఇక్కడ పక్కన పెట్టాం.

చట్టం ఏమంటోంది?

ఒప్పందం మధ్యలో వదిలేస్తే అవతలివాళ్లకు జరిగిన నష్టం భర్తీ చేయాలి. అది న్యాయమే. అయితే ఎంత అన్నదే ప్రశ్న. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 74వ సెక్షన్ దీని గురించే చెబుతుంది. ఒప్పందంలో జరిమానా మొత్తం ఇంత అని రాసుకున్నా, అంతా వసూలు చేసుకునే హక్కు దానంతట అదే రాదు. సమంజసమైన పరిహారం మాత్రమే దక్కుతుంది. కాగితంలో రాసిన అంకె దానికి గరిష్ఠ పరిమితి, అంతే.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఇంకాస్త ముందుకు వెళ్లింది. 2020 జూలై నుంచి అమల్లో ఉన్న ఈ చట్టం "అన్యాయమైన ఒప్పందం" అంటే ఏమిటో విడమరిచి చెప్పింది. కంపెనీకి జరిగిన నష్టంతో ఏమాత్రం పొంతన లేని జరిమానా వేయడం అందులో ఒకటి. కస్టమర్‌ను ఇరకాటంలో పెట్టే అసమంజసమైన చార్జీ, షరతు కూడా అందులోకే వస్తాయి.

అదే చట్టంలో "సేవా లోపం" అన్న మాటకు ఇచ్చిన అర్థం కూడా తెలుసుకోవాలి. సేవ సరిగా లేకపోవడం ఒక్కటే కాదు, కస్టమర్‌కు తెలియాల్సిన సమాచారాన్ని కావాలని దాచడం కూడా సేవా లోపమే. "ఏడాది లాక్-ఇన్ ఉంది, ముందే తీసేస్తే ఇంత పడుతుంది" అన్న విషయాన్ని కనెక్షన్ ఇచ్చే రోజు చెప్పకుండా దాచి, తీసేసే రోజు బయటపెడితే, ఫిర్యాదులో మొదట రాయాల్సిన మాట ఇదే.

ఇంకొకటి. పెట్టించుకోవడానికి ఒక్క క్లిక్, తీసేయడానికి మాత్రం పది ఫోన్లు, యాప్‌లో ఎంత వెతికినా దొరకని బటన్. దీన్ని "సబ్‌స్క్రిప్షన్ ట్రాప్" అంటారు. ఆన్‌లైన్‌లో కస్టమర్‌ను పక్కదారి పట్టించే 13 రకాల పద్ధతులను నిషేధిస్తూ కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబర్ 30న మార్గదర్శకాలు తెచ్చింది. ఆ జాబితాలో ఇది కూడా ఉంది.

6,400 ఎంత అవుతుంది?

ఇప్పుడు మళ్లీ ఆ కుటుంబం బిల్లు దగ్గరికి వస్తే, ఒక్కో ముక్క మీద ఒక్కో ప్రశ్న వేయాలి.

మిగిలిన నాలుగు నెలల అద్దె 2,400. ఆ నాలుగు నెలలు కంపెనీ నెట్ ఇవ్వదు, లైన్ చూసుకోదు. ఇవ్వని సేవకు పూర్తి అద్దె అడగడం నష్టం భర్తీ ఎలా అవుతుందో కంపెనీయే చెప్పాలి. పైగా కొత్త ఇంటి దగ్గర సేవ ఇవ్వలేనిది కంపెనీయే.

ఇన్‌స్టాలేషన్ 1,500. ఇది కంపెనీ నిజంగా పెట్టిన ఖర్చు అయి ఉండొచ్చు. పన్నెండు నెలల్లో రాబట్టుకుందామని మాఫీ చేసి ఉంటే, అందులో ఎనిమిది నెలలు గడిచాయి. మిగిలిన నాలుగు నెలల వంతు 500 మాత్రమే.

రూటర్ 2,500. బాక్సును మంచి స్థితిలో తిరిగి ఇచ్చేస్తే దీని విలువ సున్నా. ఇవ్వకపోతే మాత్రం కట్టాల్సిందే. అది కంపెనీ సొత్తు.

అంటే న్యాయంగా చూస్తే కుటుంబం ఇవ్వాల్సింది 500. కంపెనీ దగ్గరున్న డిపాజిట్ 1,000. లెక్క తిరగేస్తే కంపెనీయే 500 రూపాయలు వెనక్కి ఇవ్వాలి. ఈ లెక్క ఇలాగే ఉండాలని ఏ నిబంధనలోనూ రాసి లేదు. ఇది కస్టమర్ తరఫు వాదన. కానీ 74వ సెక్షన్ అడిగే "సమంజసమైన పరిహారం" అన్న మాటకు ఇది దగ్గరగా ఉంటుంది. ఒట్టి "కట్టం" అన్న మాట కన్నా, "ఇదిగో లెక్క, ఇందులో తప్పు ఎక్కడుందో చూపించండి" అన్న మాటకు బలం ఎక్కువ.

ఎందుకు తీసేస్తున్నారన్నది ముఖ్యం

అన్ని కేసులూ ఒకటి కావు. బంద్ చేయడానికి కారణాన్ని బట్టి వాదన బలం మారుతుంది.

నెట్ సరిగా రాకపోవడం వల్ల తీసేస్తే కస్టమర్ వాదన అన్నింటికన్నా గట్టిది. ఒప్పందం ముందు తప్పింది కంపెనీయే. కానీ "ఎప్పుడూ వచ్చేది కాదు" అంటే సరిపోదు. ఏ తేదీన పోయింది, ఎప్పుడు ఫిర్యాదు చేశారు, ఫిర్యాదు నంబర్ ఏమిటి, ఎన్ని రోజులకు బాగు చేశారు అన్నవి ఉండాలి. స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్లు తేదీ, టైమ్ కనబడేలా తీసుకోవాలి. గదుల మధ్య గోడల వల్ల వైఫై స్పీడ్ తగ్గుతుంది కాబట్టి, వీలైతే రూటర్‌కు కేబుల్‌తో ల్యాప్‌టాప్ కలిపి చూసిన స్పీడ్ మంచి సాక్ష్యం. మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే కనీసం 2 ఎంబీపీఎస్ స్పీడ్ ఉండాలని 2023 జనవరిలో కేంద్రం నిర్వచనం మార్చింది. అంతకుముందు అది 512 కేబీపీఎస్. ప్లాన్‌లో చెప్పిన స్పీడ్ మాట అటుంచి, ఆ కనీస స్థాయి కూడా రాకపోతే అది పెద్ద ఆయుధం.

ఇల్లు మారినప్పుడు మొదట కనెక్షన్ షిఫ్టింగ్ కోసం రాతపూర్వకంగా అడగాలి. "అక్కడ మా లైన్ లేదు" అన్న జవాబు మెసేజ్ రూపంలో వచ్చినా చాలు, దాన్ని దాచుకోవాలి. కస్టమర్ ఒప్పందం కొనసాగించడానికి సిద్ధంగానే ఉన్నాడని, కంపెనీయే ఇవ్వలేకపోయిందని అది చూపిస్తుంది.

పక్క కంపెనీ వంద రూపాయలు తక్కువకు ఇస్తోందని మానేస్తే మాత్రం వాదన కాస్త బలహీనమే. లాక్-ఇన్ గురించి ముందే స్పష్టంగా చెప్పి, సంతకం లేదా ఓటీపీ తీసుకుని ఉంటే కొంత కట్టాల్సి రావచ్చు. అప్పుడు కూడా ఎంత అన్న దాని మీద మాట్లాడవచ్చు.

బంద్ చేసే రోజు ఏం చేయాలి?

లైన్‌మ్యాన్‌కు ఫోన్ చేసి "రేపటి నుంచి వద్దు" అని చెప్పడం బంద్ చేసినట్టు కాదు. రీఛార్జ్ ఆపేయడమూ బంద్ చేసినట్టు కాదు. పోస్ట్‌పెయిడ్ ప్లాన్ అయితే అడిగేవాళ్లు లేకుండా బిల్లు పెరుగుతూనే ఉంటుంది.

చిన్న పట్టణాల్లో ఇంకో చిక్కు ఉంది. కనెక్షన్ పెద్ద కంపెనీది, వైరు లోకల్ కేబుల్ ఆపరేటర్‌ది. డబ్బులు ఆయన ఫోన్‌పేకే పోతాయి. ఆయన "నేను చెప్పిన, అయిపోయింది" అంటాడు. కంపెనీ కంప్యూటర్‌లో మాత్రం కనెక్షన్ నడుస్తూనే ఉంటుంది. అందుకే ఆపరేటర్‌కు చెప్పినా సరే, కంపెనీ యాప్‌లోనో, ఈ-మెయిల్‌లోనో కూడా రాసి, రిక్వెస్ట్ నంబర్ తీసుకోవాలి. ఫోన్‌పే చరిత్రలో ఆపరేటర్‌కు పంపిన ప్రతి చెల్లింపు స్క్రీన్‌షాట్ కూడా రసీదులాగే పనికొస్తుంది.

బాక్సు, రూటర్, అడాప్టర్ తిరిగి ఇచ్చేటప్పుడు వాటిని ఫోటో తీయాలి. వెనుక ఉన్న సీరియల్ నంబర్ కనబడాలి. తీసుకెళ్లే మనిషి చేత తేదీ వేయించి, ఒక తెల్లకాగితం మీదైనా సరే "ముట్టింది" అని సంతకం తీసుకోవాలి. "సిస్టంల ఎక్కిస్తం, ఏం గాదు" అన్న నోటిమాటతో సామాను ఇచ్చేయొద్దు. ఎవరూ తీసుకెళ్లడానికి రాకపోతే, "బాక్సు సిద్ధంగా ఉంది, వచ్చి తీసుకెళ్లండి" అని రాసి పెట్టాలి. అప్పుడు ఇవ్వలేదన్న నింద రాదు.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ల పేరు మీద కనెక్షన్ ఉన్న ఇళ్లలో ఓటీపీ పెద్ద తలనొప్పి. ఇండియా సిమ్ ఆగిపోతే బంద్ చేయడానికి కూడా దారి ఉండదు. ఊరు విడిచే ముందే రిజిస్టర్డ్ నంబర్‌ను ఇంట్లో ఉన్నవాళ్ల నంబర్‌గా మార్చుకోవడం మేలు. అలా కుదరకపోతే, ఫలానా వారు నా తరఫున కనెక్షన్ బంద్ చేయిస్తారని అక్కడి నుంచి ఈ-మెయిల్ పంపించాలి. ఫిర్యాదు వేసే హక్కు విషయంలో బెంగ అక్కర్లేదు. డబ్బు కట్టిన మనిషి అనుమతితో సేవ వాడుకున్నవాళ్లు కూడా చట్టం ప్రకారం వినియోగదారులే. కొడుకు పేరు మీద ఉన్న కనెక్షన్ గురించి ఇంట్లో వాడుకునే తల్లి ఫిర్యాదు చేయవచ్చు.

లేఖ ఎలా రాయాలి?

పెద్ద భాష అక్కర్లేదు. తెలుగులోనైనా, ఇంగ్లిష్‌లోనైనా ఈ విషయాలు ఉంటే చాలు.

"మా కనెక్షన్ ఐడీ ఇది. ఫలానా తేదీన తీసుకున్నాం. ఫలానా తేదీన ఇల్లు మారాం. కొత్త చిరునామాకు షిఫ్ట్ చేయమని ఫలానా తేదీన అడిగితే మీ లైన్ లేదని చెప్పారు. ఫలానా తేదీన కనెక్షన్ బంద్ చేయమని కోరాం, రిక్వెస్ట్ నంబర్ ఇది. పరికరాలు ఫలానా తేదీన తిరిగి ఇచ్చాం, రసీదు జత చేశాం. మీరు అడిగిన 6,400 రూపాయలను మేం ఒప్పుకోవడం లేదు. లాక్-ఇన్ షరతుకు మేం ఒప్పుకున్నట్టు చూపే పత్రం, ప్రతి చార్జీకి విడివిడి లెక్క, మీకు జరిగిన నష్టానికి ఆధారం పంపండి. మా డిపాజిట్ 1,000 రూపాయల లెక్క చెప్పండి. ఈ వివాదం తేలేవరకు వసూలు చర్యలు ఆపండి."

ఈ-మెయిల్ పంపి, అదే కాగితాన్ని కంపెనీ చిరునామాకు స్పీడ్ పోస్ట్‌లో కూడా పంపిస్తే మంచిది. బ్యాంకు ఖాతా నుంచి ఆటో-పే పెట్టి ఉంటే, లేఖ పంపిన రోజే దాన్ని రద్దు చేసుకోవాలి. లేదంటే వాదన నడుస్తుండగానే డబ్బు కట్ అయిపోతుంది.

ఫిర్యాదుకు మెట్లు

మొదటి మెట్టు కంపెనీ కంప్లైంట్ సెంటర్. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో తెచ్చిన ఫిర్యాదుల నిబంధనల ప్రకారం ప్రతి ఫిర్యాదుకూ ఒక డాకెట్ నంబర్ ఇవ్వాలి. కస్టమర్ కేర్‌తో గంట మాట్లాడినా ఆ నంబర్ తీసుకోకపోతే మాట్లాడనట్టే లెక్క.

రెండో మెట్టు అదే కంపెనీలోని అప్పీలు అథారిటీ. కంప్లైంట్ సెంటర్ జవాబు నచ్చకపోయినా, గడువులోగా జవాబు రాకపోయినా 30 రోజుల్లోగా అప్పీలు చేయవచ్చు. ఫీజు లేదు. 39 రోజుల్లో తేల్చాలి. ఏ కంపెనీ అప్పీలు అథారిటీ ఎవరు, ఈ-మెయిల్ ఏమిటి అన్నది ట్రాయ్ టీసీసీఎంఎస్ పోర్టల్‌లో దొరుకుతుంది. చాలామంది నేరుగా ట్రాయ్‌కే రాస్తారు. ట్రాయ్ నిబంధనలు చేస్తుంది కానీ, ఒక్కొక్కరి బిల్లు గొడవను విడిగా విచారించదు.

మూడో మెట్టు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, నంబర్ 1915. తెలుగు, హిందీతో కలిపి 17 భాషల్లో మాట్లాడవచ్చు. హెల్ప్‌లైన్‌కు తీర్పు చెప్పే అధికారం లేదు. ఫిర్యాదును కంపెనీ ముందు పెట్టి రాజీకి ప్రయత్నిస్తుంది. డబ్బు చిన్నదైనప్పుడు, కాగితాలు సరిగా ఉన్నప్పుడు గొడవ ఇక్కడే తేలిపోయే అవకాశం ఉంటుంది.

నాలుగో మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. జనం వాడుకలో ఇప్పటికీ కన్స్యూమర్ ఫోరం. జమ్మికుంట వాళ్లకు అది కరీంనగర్‌లో ఉంటుంది. "వివాదాలన్నీ ముంబై కోర్టుల్లోనే" అన్నట్టు ఒప్పందంలో సన్న అక్షరాలతో రాసి ఉన్నా భయపడనక్కర్లేదు. ఫిర్యాదుదారు ఉండే చోటే కేసు వేయవచ్చని 2019 చట్టం చెబుతోంది. సేవకు కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే ఫిర్యాదు వేయవచ్చు. సమస్య మొదలైన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి ఉచిత న్యాయ సహాయం కూడా దొరుకుతుంది.

ఇక్కడ ఒక మెలిక గుర్తుంచుకోవాలి. "ఈ ఒప్పందమే అన్యాయమైనది, దాన్ని కొట్టేయండి" అని అడిగే కేసులు జిల్లా కమిషన్ పరిధిలోకి రావు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. అందుకని కరీంనగర్‌లో వేసే ఫిర్యాదును "సేవా లోపం", "అన్యాయమైన వ్యాపార పద్ధతి" అన్న మాటల మీద నిలబెట్టాలి. షరతు దాచారు, లెక్క చూపలేదు, డిపాజిట్ ఇవ్వలేదు అన్నవి ఆ మాటల కిందికే వస్తాయి.

దుకాణానికి తీసుకున్న కనెక్షన్ సంగతి వేరు. పెద్ద వ్యాపారం కోసం తీసుకున్న సేవలకు వినియోగదారుల చట్టం వర్తించదు. పత్తి మార్కెట్ దగ్గర పెద్ద ఆఫీసుకు ఒక లెక్క, పొట్టకూటి కోసం సొంతంగా నడుపుకునే జిరాక్స్ షాపుకు ఒక లెక్క. స్వయం ఉపాధి కోసం తీసుకున్నదైతే చట్టం రక్షణ ఉంటుంది.

సుప్రీంకోర్టు తెరిచిన తలుపు

టెలికాం కంపెనీ మీద కన్స్యూమర్ ఫోరంకు వెళ్లడం ఎప్పుడూ ఇంత సులువుగా లేదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలోని 7బి సెక్షన్ ఇలాంటి వివాదాలను ఆర్బిట్రేషన్‌కు పంపమంటుంది. అందువల్ల ఫోన్ బిల్లు గొడవలు ఫోరంకు రావని 2009లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు చూపించి ఎన్నో ఫిర్యాదులను వెనక్కి పంపారు.

అహ్మదాబాద్‌కు చెందిన ఒక కస్టమర్ కేసుతో ఇది మారింది. ఆయన సెల్‌ఫోన్ బిల్లు నెలకు సగటున 555 రూపాయలు వచ్చేది. 2013 నవంబర్, డిసెంబర్ మధ్య ఒక్క నెలకు 24,609 రూపాయలకు పైగా వచ్చింది. 22,000 రూపాయల పరిహారం కోరుతూ ఆయన జిల్లా ఫోరంకు వెళ్లారు. అసలు ఫోరంకు ఈ కేసు వినే అధికారమే లేదంటూ వొడాఫోన్ ఐడియా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022 ఫిబ్రవరి 16న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం కంపెనీ వాదనను తోసిపుచ్చింది. టెలికాం సేవల మీద వినియోగదారుల ఫోరంలు ఫిర్యాదులు వినవచ్చని తేల్చింది. బిల్లు తప్పా ఒప్పా అన్నది ఆ తీర్పులో తేల్చలేదు, తలుపు మాత్రం తెరిచింది. 2019 చట్టంలో "సేవ" అన్న మాట నిర్వచనంలో టెలికాం పేరు నేరుగానే ఉంది కాబట్టి ఇప్పుడు ఆ వాదనకు చోటు లేదు.

ఇప్పటికీ ఎవరైనా "మా మీద ఫోరంకు పోలేరు" అంటే, ఈ తీర్పు తేదీ చెబితే సరిపోతుంది.

"లీగల్ నోటీస్" వస్తే?

వకీలు పంపే నోటీసు కోర్టు సమన్లు కాదు. అది ఒక పార్టీ తరఫున రాసిన ఉత్తరం. బిల్లు బాకీ సివిల్ వ్యవహారం. కట్టనంత మాత్రాన పోలీసులు ఇంటికి రారు. అలాగని నోటీసును చింపేయకూడదు. పైన చెప్పిన లేఖనే జవాబుగా పంపి, డాకెట్ నంబర్, రసీదులు జత చేయాలి. నిజంగా కోర్టు నుంచో, లోక్ అదాలత్ నుంచో కాగితం వస్తే మాత్రం తేదీ తప్పకూడదు.

వసూలు ఏజెంటునంటూ ఫోన్ చేసిన మనిషికి కార్డు వివరాలు, ఓటీపీ చెప్పకూడదు. అతను పంపిన లింకులో డబ్బు కట్టకూడదు. రాజీ కుదిరితే కంపెనీ యాప్‌లోనే కట్టి, "బాకీ లేదు" అన్న కాగితం తీసుకోవాలి. "సిబిల్ చెడిపోతది" అని బెదిరిస్తే, ఆ మాట రాసి పంపమని అడగాలి. వివాదం నడుస్తోందని లేఖ ద్వారా ముందే చెప్పి ఉంటే, ఆ కాగితం తర్వాత కూడా కాపాడుతుంది.

బయటి దేశాల్లో ఎలా ఉంది?

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకు బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్ పక్కన ఒక చీటీ కనబడుతుంది. బిస్కెట్ ప్యాకెట్ మీద పోషకాల పట్టికలాంటిది. నెల ధర, స్పీడ్‌తో పాటు ముందే మానేస్తే ఎంత కట్టాలన్నదీ అందులో రాయాలి. పెద్ద కంపెనీలకు 2024 ఏప్రిల్ 10 నుంచి, చిన్నవాటికి అదే ఏడాది అక్టోబర్ 10 నుంచి అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ దీన్ని తప్పనిసరి చేసింది. బ్రిటన్‌లో ఆఫ్‌కామ్ స్పీడ్ నియమావళి 2019 మార్చి 1 నుంచి కట్టుదిట్టమైంది. అందులో చేరిన కంపెనీలు, హామీ ఇచ్చిన కనీస స్పీడ్ రాకపోతే 30 రోజుల్లో బాగు చేయాలి. చేయలేకపోతే కస్టమర్ జరిమానా లేకుండా వెళ్లిపోవచ్చు.

ఆ చీటీలో ఉండే ప్రశ్నలనే జమ్మికుంటలో కనెక్షన్ తీసుకునే రోజు నోటితో అడగవచ్చు. లాక్-ఇన్ ఎన్ని నెలలు? మధ్యలో తీసేస్తే ఎంత? ఇల్లు మారితే ఏం చేస్తారు? రూటర్ మాదా, మీదా? డిపాజిట్ ఎప్పుడు తిరిగొస్తుంది? ఐదు ప్రశ్నలు. జవాబులను "ఒకసారి వాట్సాప్‌ల పెట్టు భాయ్" అని అడగడానికి మొహమాటం అక్కర్లేదు. ఏడాదికి ఒకేసారి కడితే డిస్కౌంట్ అన్నప్పుడు, కిరాయి ఇంట్లో ఉండేవాళ్లు మూడు నెలల ప్లాన్‌తో మొదలుపెట్టడమే మంచిది.

కట్టాల్సిన బాకీ కట్టాలి, రూటర్ కంపెనీదైతే తిరిగి ఇచ్చేయాలి. ఇవ్వని సేవకు, చెప్పని షరతుకు మాత్రం భయపడి డబ్బు కట్టాల్సిన పని లేదు. ఆరు వేలంటే ఎన్నో ఇళ్లలో ఒక నెల సరుకుల ఖర్చు. దాన్ని కాపాడుకోవడానికి కావాల్సింది ఒక లేఖ, ఒక డాకెట్ నంబర్, బాక్సు తిరిగి ఇచ్చినట్టు ఒక సంతకం. ఈ మూడూ ఒకే కవరులో పెట్టి దాచుకున్న ఇంటికి, ఆ పీడీఎఫ్ వచ్చిన రోజు భయం ఉండదు.